కత్తిరాణి గోపాల్‌పూర్ దండయాత్ర

ఇప్పటి పిల్లలు కథ నచ్చకపోతే మీట నొక్కి మార్చేస్తారు. మా కాలంలో కథ మారాలంటే పెద్దమ్మ గడ్డం పట్టుకుని బతిమాలాల్సిందే. బరంపురంలో మా గోసాని నువాగాం పేట ఇంట్లో, పెదనాన్న పోయిన నాటి నుంచి వీధి గుమ్మం దాటని మా పెద్దమ్మ, మధ్యాహ్నాలు అప్పడాలు ఒత్తుతూ కత్తిరాణి కథ చెప్పేది. ఊరూరా తిరుగుతూ రాక్షసుల తలలు నరికే ఆ రాణి అంటే నాకు ప్రాణం. (మా లెక్కల మాస్టారిని కూడా ఆవిడకు అప్పగించాలని ఉండేది.) అలాంటిది ఒకరోజు పెద్దమ్మ తాపీగా, "కత్తిరాణికి జుట్టు నెరిసిపోనాదే. మోకాళ్లు నొప్పులు. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఆకరి రాక్షసుడు మిగిలిపోనాడు" అంది. నా నెత్తిన పిడుగు పడింది. "ముసిల్ది కత్తేటి పడతాది పెద్దమ్మా? కత మార్సెయ్యి!" అని ఏడ్చాను. "నానేటి సేత్తానే? వయసొచ్చీసినాది" అందావిడ, అప్పడం తిప్పుతూ.

మర్నాడు ఠాకురాణి అమ్మవారి జాతర. నాకు అమ్మవారు పోసి తగ్గినందుకు అమ్మ వేషం మొక్కుకుంది. మిగతా పిల్లలు పులులూ శివుళ్లూ అయితే, నేను పట్టుబట్టి బంగారు కాగితం కిరీటం, చెక్కకత్తితో కత్తిరాణినయ్యాను. మొక్కు వేషంలో ఉన్నవాళ్లను మా ఊళ్లో ఎవరూ అడ్డగించరు, అమ్మవారే అనుకుని దణ్ణం పెడతారు. నా కొంప ముంచింది అదే. అమ్మ పక్కింటావిడతో మాటల్లో పడగానే, ముసలి రాణి ఓడిపోకముందే ఆ రాక్షసుణ్ని నేనే చంపేద్దామని గోపాల్‌పూర్ బస్సెక్కేశాను! కండక్టరు టికెట్టు అడగలేదు సరికదా, "మా, బొసొ" అని ఒడియాలో కూర్చోమంటూ ముందు సీటు ఖాళీ చేయించాడు.

సముద్రాన్ని చూసి కొయ్యబారిపోయాను. అన్ని నీళ్లుంటాయని కథలో చెప్పలేదే! మొదటి కెరటానికే కిరీటం కొట్టుకుపోయింది. రాక్షసుడి సంగతి దేవుడెరుగు, ఇంటికెలా వెళ్లాలో తెలియలేదు. "అమ్మా, ఇంటికెల్తాను!" అని గొల్లుమంటే, చేపలమ్మే ఆడవాళ్లు "అమ్మోరు పూనీసినాదర్రా!" అని అరటిపళ్లు చేతిలో పెట్టి మరీ మొక్కారు. ఎంత ఏడిస్తే అంత భక్తి. ఇక జన్మలో ఇల్లు చూడననుకున్నాను.

అప్పుడు బస్సులోంచి ఒక ముసలి వీరుడు దిగాడు. పెదనాన్న పంచె, తలపాగా, బొగ్గుతో దిద్దిన మీసం, నడుములో అప్పడాల కర్ర. దగ్గరికొచ్చేసరికి నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెద్దమ్మ! మా పెద్దమ్మే!

"ఏటలా సూత్తన్నావు? వేసం కడితే నన్నెవులాపుతారు?"

"నానిక్కడున్నానని నీకెలా తెలిసింది?"

"రాక్షసుడిక్కడున్నాడని సెప్పిందెవులే?"

నన్ను గట్టిగా హత్తుకుంది. తర్వాత నీళ్లలోకి మోకాళ్లదాకా దిగి, "ఓలమ్మో, ఇంత పెద్దదేటే సముద్రం!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆవిడా చూడడం అదే మొదలు. మీసం కరిగి గడ్డం మీదికి కారుతోంది.

"మరి రాక్షసుడేడి?" అన్నాను.

"నాను గుమ్మం దాటగానే సచ్చిపోనాడు."

ఇంటి దగ్గర నా వీపు విమానం మోత మోగింది. పెద్దమ్మను చూసి మాత్రం అందరూ నోళ్లు తెరిచి నిలబడిపోయారు. ఇప్పుడు నాకూ ఆవిడ వయసొచ్చింది. బస్సు మెట్ల దగ్గర మోకాళ్లు పట్టేసినప్పుడు, అప్పడాల కర్ర ఉందేమోనని నా చెయ్యి నడుము తడుముకుంటుంది. కండక్టరు "తొందరగా, మామ్మగారూ" అంటాడు. నా వేషం సంగతి పాపం అతనికేం తెలుసు!