తాళం వేసి చూసిన సీరియళ్లు

మా వీధిలో మా ఆవిడని అందరూ హలో వదిన అంటారు. పొద్దున తొమ్మిదయ్యేసరికి మా కిటికీలోంచి "హలో, నమస్కారమండీ, చెప్పండి" అని వినబడుతుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే కంపెనీకి ఇంట్లోంచే ఫోన్లు తీసే ఉద్యోగం. ఎవరి ఫ్రిజ్ ఆగిపోయినా ముందు తిట్లు పడేది ఈవిడకే. ఆ తిట్లన్నీ పడి, అడ్రసు రాసుకుని, మెకానిక్‌ని పంపిస్తుంది. అంతకుముందు పదమూడేళ్లు మందుల షాపులో నిలబడి పనిచేసింది. కాళ్లు వాచిపోతున్నాయని నలభై రెండో ఏట కంప్యూటర్ నేర్చుకుంది. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. గోడౌన్‌లో లోడింగ్ పని. సాయంత్రమయ్యేసరికి నా నడుం నా మాట వినదు. ఈ సంగతంతా నాకు అర్థమైనంత మేరకే రాస్తున్నాను.

కంప్యూటర్ మాదే, ఎవరో వాడి అమ్మేసింది కొన్నాం. కంపెనీవాళ్లు అందులో వీపీఎన్ అని ఒకటి పెట్టించారు. నొక్కితే తెర మూల చిన్న తాళం బొమ్మ వస్తుంది. అది వస్తేనే ఆఫీసు పని తెరుచుకుంటుంది. ఫోన్ చేసినవాళ్ల పేర్లూ అడ్రసులూ బయటివాళ్లకి చిక్కకుండా ఉండటానికట. మొదటిరోజే మా ఆవిడ మా అమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, తాళం పడకుండా ఇందులో ఏదీ తెరవొద్దని గట్టిగా చెప్పింది. మేం బుద్ధిగా విన్నాం. అక్కడే కొంప మునిగింది.

మా అమ్మకి సీరియళ్లంటే ప్రాణం. మధ్యాహ్నం కోడలు భోజనానికి లేవడం ఆలస్యం, ఆ కుర్చీలో అత్తగారు. నాలుగింటికి పని అయిపోయాక మళ్లీ ఆవిడే. ముందు తాళం నొక్కుతుంది. బొమ్మ వచ్చిందో లేదో ముక్కు తెరకి ఆనించి మరీ చూసుకుంటుంది. ఆ తర్వాతే సీరియల్. నేనూ అంతే. ఒకసారి తాళం లేకుండా వాతావరణం చూశానని మా అమ్మ నన్ను రెండు రోజులు సాధించింది.

ఐదో నెలలో ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. మూడు వారాల్లో మీ ఇంటి నుంచి మా లైను మీద తొంభై గంటల వీడియోలు నడిచాయి, దానివల్ల మిగతావాళ్ల ఫోన్లు తెగిపోతున్నాయి, శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వండి అని. వెంట ఒక జాబితా. అందులో సీరియళ్లూ, మోకాళ్ల నొప్పికి కషాయాలూ, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె కూడా ఉన్నాయి. ఆ నూనె నాది. ఆరో నెల నిండితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. సంజాయిషీ నచ్చకపోతే ఇక అంతే సంగతులు. మళ్లీ మందుల షాపులో నిలబడటానికి ఆ కాళ్లు ఒప్పుకోవు.

మా ఆవిడ ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేసి కనుక్కుంది. తాళం వేసి ఉన్నంతసేపూ ఈ కంప్యూటర్‌లోంచి ఏది వెళ్లినా ముందు ఆఫీసుకి వెళ్లి, అక్కణ్ణుంచే బయటికి పోతుందట. సీరియలైనా సరే. నాకు అప్పుడు వెలిగింది. మా గోడౌన్‌కి రెండు గేట్లు. సరుకుకి ఒకటి, మనుషులకి ఒకటి. పనిలో చేరిన కొత్తలో నేను తెలియక భోజనం క్యారేజీతో సరుకు గేటులోంచి బయటికి నడిస్తే, వాచ్‌మన్ దాన్ని కూడా తూకం వేసి పుస్తకంలో రాశాడు. ఐదు నెలలుగా మనం ఇంటి క్యారేజీ సరుకు గేటులోంచి మోస్తున్నామని మా అమ్మకి చెప్పాను.

"అయితే నేను చూసినవన్నీ వాళ్లూ చూశారా?"

"చూడలేదమ్మా. ఏది చూశావో రాసుకున్నారు."

"కథ కూడానా?"

మా ఆవిడకి నవ్వు రాలేదు. వైరస్ వచ్చిందని రాసి పారెయ్, కంప్యూటరేగా, అదేమన్నా ఎదురు చెబుతుందా అన్నాను. పై అధికారిణి కూడా ఫోన్‌లో అలాంటి దారే చూపించింది, ఒకవేళ వైరస్ ఏమైనా వచ్చిందేమో చూసుకోమని. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"రోజుకి పాతికమంది అంటారండీ, నేనేం చెయ్యలేదమ్మా, దానంతటదే ఆగిపోయిందని. అబద్ధమైతే గొంతులోనే తెలిసిపోతుంది నాకు. నా గొంతు వాళ్లకి తెలియదా?"

మూడు రోజులు కూర్చుని తనే రాసింది. తాళం వెయ్యమన్నది నేనే, మావాళ్లు నా మాట విన్నారు, తప్పు నేను చెప్పిన తీరులో ఉంది అని రాసింది. ఇంట్లోవాళ్లకి తాళం లేని లాగిన్ వేరే పెట్టానని రాసింది. మీ పని మాత్రం తాళంలోంచి, మిగతాది మా ఇంటి లైనులోంచి పోయేలా మీ వైపు నుంచి మార్చగలరా, మార్చడం నాకూ చేతనవుతుంది గానీ మిమ్మల్ని అడగకుండా ముట్టుకోను అని కూడా రాసింది. నూనె సంగతి రాయొద్దని బతిమాలాను. అది వాళ్ల జాబితాలోనే ఉంది కదండీ అంది.

శుక్రవారం నేను ఒక పూట పని మానేసి మంచం మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. మా ఆవిడ అలవాటు కొద్దీ "హలో, నమస్కారమండీ, చెప్పండి" అంది.

"చెప్పడానికేముందమ్మా," అంది అధికారిణి. "పదకొండు మందికి లెటర్ పంపాం. పది ఇళ్లల్లో వైరసట. సీరియళ్లు చూసింది మీ అత్తగారొక్కరే."

మిగతా పదిమందీ వైరస్ అనబట్టి, ఇంటి వీడియోలకి కూడా జనం తాళం ఎందుకు వేస్తున్నారో వాళ్లకి అంతుపట్టలేదట. మా ఆవిడ రాసింది చదివాక, తప్పు తాము పెట్టిన తీరులోనే ఉందని తేలింది. వారంలోగా అందరికీ మార్చారు. ఆఫీసు సామాను ఆఫీసు దారిన, ఇంటిది ఇంటి దారిన. ఉద్యోగం ఖాయం చెయ్యడానికి ఇంకో నెల తిప్పించుకున్నారు గానీ, చేశారు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి మొదటి గంట పాఠం ఇంట్లోంచే ఈ కంప్యూటర్‌లో మా ఆవిడే చెబుతుంది, ఏది తాళంలోంచి పోవాలో, ఏది పోకూడదో. పెద్ద చదువులు చదివినవాళ్లు నోరు మూసుకుని వింటారు. ఆ గంటసేపు మా అమ్మ సీరియల్ ఆపేసి గుమ్మం పక్కన పీట వేసుకుంటుంది. ఆ మాటల్లో సగం ఆవిడకి తెలియవు. "మా అత్తగారు" అనే మాట వచ్చినప్పుడు మాత్రం నిటారుగా కూర్చుని, విన్నావా అన్నట్టు నా వంక చూస్తుంది.