కేకుకు కుంభం అంచు

అంచు లేని వస్తువేదైనా కురుమూర్తి కంటికి బట్ట కట్టనట్టే కనిపించేది. గద్వాలలో చీరలకు పట్టంచులు నేసి నేసి అరవై ఏళ్ళు పైబడిన మనిషి. మగ్గం దిగినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. గోడకు ఎర్రటి జాజు అంచు, చల్లకుండకు సున్నం అంచు. కొత్తగా కొన్న మేకకు పసుపుతో కడుపు చుట్టూ రెండు వరుసలు దిద్దితే, అది సాయంత్రానికల్లా గోడకు రాసుకుని చెరిపేసుకుంది.

అయిజలో ఉన్న కూతురికి ఓసారి కార్డు రాయబోయాడు. చుట్టూ అంచు గీసేసరికి నడుమ "క్షేమం" అన్న ఒక్క మాటకే చోటు మిగిలింది. క్షేమంగా ఉన్నదెవరో, లేనిదెవరో తెలియక ఆ పిల్ల కార్డు అందిన మర్నాడే బండి కట్టించుకుని వచ్చేసింది.

భార్య సుగుణమ్మ ఇవన్నీ చూస్తూ ఒక్క మాటా అనేది కాదు. కొత్తకోడలు నాగమణికే మామ వింత మనిషిగా తోచాడు.

నాగమణి సికింద్రాబాదు పిల్ల. తండ్రి కంటోన్మెంటులో తెల్లదొరల బంగళాలో వంటవాడు. వంటలో ఆమె చెయ్యి గట్టిదే గానీ, మగ్గం పని పట్టుబడలేదు. ఆమె చుట్టిన కండెల్లో నూలు చిక్కుపడేది. ఎదురింటి భాగ్యమ్మ వాటికి పిట్టగూళ్ళని పేరు పెడితే ఆ పేరు వీధంతా పాకింది. నాగమణి నలుగురితో పాటు తనూ నవ్వి, లోపలికి పోయి ముఖం కడుక్కునేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రాకముందు రోజులు. తండ్రి రైల్లో కోకో పొడి డబ్బా పంపాడు. తనకు వచ్చిన పనేమిటో వీధికి చూపించాలని నాగమణికి పంతం పుట్టింది. మర్నాడు కేకు తినడానికి రమ్మని భాగ్యమ్మనూ, మరో నలుగురినీ పిలిచింది.

తెల్లవారగానే మైదా, కోడిగుడ్లు, చక్కెర, వెన్న, కోకో కలిపి గిలక్కొట్టింది. పలకలా నాలుగు మూలలున్న రేకు తట్టలో పోసి, ఇసుక పరిచిన గుండిగలో పెట్టి, కిందా మూత మీదా నిప్పులు వేసింది. కాసేపటికి ఇల్లంతా ఎన్నడూ ఎరగని వాసన. మగ్గం చప్పుడు ఆగిపోయింది. కురుమూర్తి వచ్చి గుమ్మంలో కూర్చుని, దీని అంచు ఏ రంగుదని అడిగాడు.

"ఇది చీర గాదు మామా. దీనికి అంచుండదు," అంది నాగమణి. నడుమ వెన్నతో ఒక్క పువ్వు పెడతానంది. అంచు లేకపోతే పువ్వు జారిపోదా అని ఆయన చాలాసేపు బాధపడ్డాడు.

తట్ట బోర్లించేసరికి కేకు ఊడింది గానీ, ఒక మూల తట్టకే అంటుకుపోయింది. గీకితే ముక్కలై రాలింది. అప్పటికే వీధిలో భాగ్యమ్మ గొంతు వినిపిస్తోంది. పిట్టగూళ్ళకు తోడుగా ఇంకో పేరు రాబోతోంది.

కురుమూర్తి చేతులు కడుక్కొచ్చి, రాలిన ముక్కలను వెన్నతో మెదిపి, తెగిన పోగును అతికినట్టు ఆ మూలను అతికాడు. పువ్వు కోసం కోడలు వెన్నా చక్కెరా నింపి పెట్టుకున్న కాగితం పొట్లం అందుకుని, చుట్టూ గుడి గోపురాల వరుసలాంటి కుంభం అంచు దిద్దాడు. అతికిన వైపు మాత్రం నాలుగు వేళ్ళ మేర వెన్నతోనే మామిడి పిందెల బొమ్మలు పరిచేశాడు.

వచ్చినవాళ్ళు నల్లటి కేకు మీద తెల్లటి కుంభాలు చూసి కళ్ళప్పగించారు. భాగ్యమ్మది నేసేవాళ్ళింటి కన్ను. ఈ ఒక్క దిక్కే ఇంత మందమెందుకని అడిగింది.

"గది కొంగు," అన్నాడు కురుమూర్తి. "కొంగు లేని చీర మీ ఇంట్ల నేస్తరా?"

కోసే వేళ ఆయన, కొంగు ఇంటి పెద్దకే చెందాలని పట్టుబట్టి, ఆ వైపంతా తన పళ్ళెంలోకి లాక్కుని, అతుకు విడేలోగా తినేశాడు. ముసలాయనకు ఎంత ఆశ అని వాళ్ళు నవ్వుకున్నారు. మిగిలింది వేళ్ళు నాకుతూ తిన్నారు. వెళ్తూ వెళ్తూ భాగ్యమ్మ, తన కూతురికీ ఈ పని నేర్పమని నాగమణి చెయ్యి పట్టుకుని అడిగింది.

గిన్నెలు తోముతున్నప్పుడు సుగుణమ్మ నోరు విప్పింది.

"నేను కొత్తగ వచ్చినప్పుడు, నేను చేసిన జొన్నరొట్టెలు చుట్టూ పగులుతుండె. మా అత్త చూడకముందే ఈయన వేళ్ళతోని ఒత్తి అంచు లెక్క ముడత పెట్టెటోడు. ఇదేందిర అని ఆమె అడిగితె, నాకు గిట్లనే ఇష్టం అనెటోడు. గప్పటి సంది గదే పిచ్చి."

నాగమణి తల తిప్పి చూసింది. కురుమూర్తి మీసానికి కోకో అంటించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మల్ల చేసినప్పుడు గూడ ఓ మూల జర ఇరగనియ్యి బిడ్డ," అన్నాడు మెల్లగా. "కొంగు లేకుంటె నాకు చెయ్యాడదు."