కాక తీసిన కుంగ్‌ఫూ సినిమా

మా కాక ఈ ఎండాకాలం ఒమన్‌లోని ఇబ్రాలో చనిపోయాడు. పొద్దున డ్యూటీకి వెళ్లి, సైట్‌లో షట్టరింగ్ చెక్కలు బిగిస్తూ కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. నేను అదే కంపెనీలో స్టోర్ చూస్తాను. ఫోన్ మోగినప్పుడు మేకుల డబ్బాలు సర్దుతున్నాను. "కాక పోయిండురా" అంది అవతల మా రూమ్ రాజన్న గొంతు. ఫోన్ పెట్టేయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఆయన వరసకు నాకు చిన్నాన్న. జగిత్యాల దిక్కు మేం కాక అంటాం. నాకు ఒమన్ దారి చూపించింది ఆయనే. మా రూమ్‌లో వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ కాక అయిపోయాడు. పాకిస్తాన్ డ్రైవర్లు కూడా 'కాకా' అనే పిలిచేవారు. అదే ఆయన అసలు పేరని వాళ్ల నమ్మకం.

గల్ఫ్‌కు రాకముందు కాక టౌన్‌లో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆ హాల్లో పొద్దుటి ఆటకు తెలుగు డబ్బింగ్ కుంగ్‌ఫూ సినిమాలు వేసేవారట. తలుపు పక్కన నిలబడి చూసీ చూసీ ఆయనకు అవి ఒంటబట్టాయి. రూమ్‌లో ఎవరైనా దిగులుగా కనిపిస్తే ఎదురుగా వచ్చి నిలబడి, "మిత్రమా... అన్నం... తిన్నవా?" అనేవాడు. మాట అయిపోయాక కూడా పెదాలు చాలాసేపు ఆడుతూనే ఉండేవి, అచ్చం డబ్బింగ్ సినిమాలో లాగ. లుంగీ ఎగ్గట్టి ఒంటికాలి మీద లేచి "హుయ్యా" అని ఒర్రేవాడు. అంతలోనే మోకాలి నొప్పి గుర్తొచ్చి మంచం కోడు పట్టుకునేవాడు.

"గా హీరో ఎందుకు ఒర్రుతడో ఎరికేనారా?" అని ఒకసారి నన్ను అడిగాడు. "ఎదుటోడు భయపడాలనా? కాదు. తన భయం తనకు ఇనవడొద్దని."

మా రూమ్‌లోనే ఉండే రాజన్నది సిరిసిల్ల దగ్గరి ఊరు. ఇక్కడ తాపీ పని చేస్తాడు. నిరుడు అతని భార్య జ్వరంతో ఆస్పత్రిలో చేరి, తిరిగి ఇంటికి రాలేదు. ఇంటికి పోవడానికి రాజన్న కాళ్లావేళ్లా పడ్డాడు. పాస్‌పోర్టు ఏదో పని మీద ఆఫీసులో చిక్కుకుంది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అన్నారు. కొడుకు తల్లి చితికి నిప్పు పెట్టడం రాజన్న మా రూమ్‌లో, కింది మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూశాడు. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు. పాస్‌పోర్టు చేతికొచ్చాక వెళ్లమంటే, "ఇప్పుడు పోయి ఎవల మొకం చూడాలె" అన్నాడు. అది కూడా మేం గట్టిగా అడిగితేనే. ఆ తర్వాత అతనికి మాట పడిపోయినట్టే అయింది. డ్యూటీ నుంచి వచ్చి గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. మేం వండింది మేమే ప్లేటులో పెట్టి పక్కన ఉంచితే, ఒక్కోసారి తినేవాడు.

అతను ఏమైనా చేసుకుంటాడేమోనని కాకకు భయం పట్టుకుంది. రాజన్న బాత్రూమ్‌కు వెళ్తే తలుపు దగ్గర నిలబడి ఏదో ఒక పాట తీసేవాడు. లోపలి నుంచి నీళ్ల చప్పుడు వినిపించే దాకా ఆ పాట ఆగేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున చాయ్ తాగుతూ, "సినిమా తీస్తున్నం" అని ప్రకటించాడు. కథ కూడా చెప్పాడు. గురువును ఎవరో చంపేస్తారు. శిష్యుడు పగ తీర్చుకుంటానని శపథం చేసి బయల్దేరతాడు. కానీ చంపిందెవరో అడగడం మర్చిపోతాడు. దారిలో కనిపించిన ప్రతివాడినీ ఆపి, "మా గురువును సంపింది నువ్వేనా?" అంటాడు. కాదంటే "సారీ అన్నా" అని దండం పెట్టి ముందుకు పోతాడు. మోకాలి నొప్పి ఉన్న కాకే పడుచు శిష్యుడు. నా ఫోన్ మంచిది కాబట్టి కెమెరా నాది. దెబ్బల చప్పుడు కోసం ఒకడు చుట్టిన దుప్పటి మీద చెక్కతో కొట్టాలి.

"గురువు ఎవలు?" అన్నాన్నేను.

కాక రాజన్న మంచం మీద కూర్చున్నాడు. "రాజన్నా, నువ్వేం మాట్లాడే పని లేదు. గిట్లనే పండుకో. ఈడ కాదు, జర వాదీల పండుకో. గంతే."

రాజన్న ఎందుకు లేచాడో నాకిప్పటికీ తెలియదు. కాదనడానికి కూడా ఓపిక లేకపోయి ఉంటుంది.

క్యాంపు వెనక వాదీ ఉంది, అంటే వాగు. వానొస్తే తప్ప నీళ్లుండవు, ఒట్టి గులకరాళ్లే. అక్కడ తెల్ల దుప్పటి మీద రాజన్నను పడుకోబెట్టి, నేల తుడిచే మాపు పోగులు కత్తిరించి గడ్డంగా అంటించాం. కాక దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, రెండు పల్టీలు కొట్టబోయి ఒకటిన్నర కొట్టి, శవం మీద పడ్డాడు. గుండెలు బాదుకుంటూ, "గురూజీ! నన్ను ఇడిసి పోతివా! పోంగ ఒక్క మాటన్న చెప్పకపోతివా!" అని రాగం తీశాడు. అందరం నవ్వు ఆపుకుంటున్నాం.

ఫోన్‌లో ముందు నాకే కనిపించింది. శవం కళ్ల పక్క నుంచి నీళ్లు జారి మాపు గడ్డంలోకి ఇంకుతున్నాయి. తర్వాత ఛాతీ ఎగిరెగిరి పడింది. చెక్క పట్టుకున్నవాడు కొట్టడం ఆపేశాడు. నేను ఫోన్ దించేశాను. రాజన్న లేచి కూర్చుని, "ఒక్క మాటన్న చెప్పలేదే కాకా... ఒక్క మాటన్న చెప్పలే" అని అరిచాడు. కాక అతని తల తన భుజానికి ఆనించుకున్నాడు. కదలకుండా, ఎండలో, రాళ్ల మీద. చాలాసేపటికి మా వైపు తిరిగి, "నీళ్లు తెండ్రి" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం రాజన్న తనంతట తానే ప్లేటు కడుక్కుని అన్నం పెట్టుకున్నాడు. ముందే అనుకుని చేశావా అని కాకను అడిగాను. "నాకేం తెలుసురా, నవ్వుతడనుకున్న" అన్నాడు.

మిగతా సినిమా కొన్ని శుక్రవారాలు తీశాం. కొట్లాటల్లో కాకే ఎక్కువ దెబ్బలు తినేవాడు. "కొట్టుడు ఎవలికైన అస్తది. మంచిగ పడుడు రావాలె" అనేవాడు. క్యాంపు మెస్‌లో గోడ మీద ప్రొజెక్టర్‌తో బొమ్మ వేసి చూపించాం. భాష రానివాళ్లు కూడా బల్లలు బాది నవ్వారు. అంతకుముందు కాక రాజన్నను పక్కకు పిలిచి, శవం సీను తీసేద్దామా అని అడిగాడు. రాజన్న ఆలోచించి, "ఉండనియ్. మంచిగనే సచ్చిన" అన్నాడు. భార్య పోయాక అతని నోట విన్న మొదటి పరాచికం అది.

ఇప్పుడు కష్టమైన మాట రాయాలి. కాక సైట్‌లో గుండె పట్టుకుని మోకాళ్ల మీద కూలినప్పుడు, అక్కడున్నవాళ్లు నవ్వారు. ఒకడు "హుయ్యా" అని బదులు కూడా ఇచ్చాడు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ పడటం వాళ్లు ఎన్నిసార్లో చూశారు. సిమెంటు తాపీ పారేసి పరుగెత్తింది రాజన్న ఒక్కడే. ఎలా తెలిసిందని తర్వాత అడిగాను.

"కాక పడేముందు ఎప్పుడైన అందరి దిక్కు చూస్తుండె, నవ్వుతున్నరా లేదా అని" అన్నాడు. "అప్పుడు ఎవల దిక్కు చూడలే."

నవ్వినవాళ్లలో మా రూమ్‌వాడొకడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి రాజన్న లాగే వాడూ గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. ఈసారి తలుపు దగ్గర నిలబడి పాట తీయడానికి కాక లేడు.

కాగితాలు తయారయ్యేసరికి వారం దాటింది. శవంతో ఎవరైనా ఒకరు వెళ్లాలి. నేనే అనుకున్నారు. రాజన్న వచ్చి, "నేను పోత. మా ఆమె కాడికి పోలేకపోయిన. ఈయననన్న ఇంటికి చేరుస్త" అన్నాడు. ఇల్లు విడిచాక అతను ఊరికి వెళ్లడం అదే మొదలు. ఊళ్లో చిన్నమ్మకు నేను ఫోన్‌లో ఆ సంగతి చెప్తే, "తోడున్నడు గదా, మంచిగైంది" అని, ఫోన్ కొడుకు చేతికిచ్చింది.

పెట్టెను బండిలోకి ఎక్కించాక డ్రైవర్ రాజన్నను ముందు సీట్లో కూర్చోమన్నాడు. రాజన్న వినలేదు, వెనకే ఎక్కాడు. మస్కట్ దాకా నేను కంపెనీ పికప్‌లో వాళ్ల వెనకే వెళ్లాను. రెండు పక్కలా చెట్టు లేని కొండలు. ముందు బండి వెనక అద్దంలోంచి రాజన్న కనిపిస్తూనే ఉన్నాడు. రోడ్డు ఎత్తుపల్లాలుగా ఉన్న ప్రతి చోటా బండి కుదుపుకు ముందే ఒంగి, పెట్టె కదలకుండా రెండు చేతులూ దాని మీద వేసి పట్టుకుంటున్నాడు.