పచ్చరంగును నమ్మని చాచా

చాచా పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం నమాజు చదువుకుని వచ్చి, మంచినీళ్లు అడిగి, గ్లాసు అందుకునేలోపే ఒరిగిపోయారట. "మా అబ్బా ఎప్పుడు మీ గురించే చెప్తుండె మేడం, అందుకే ముందు మీకే చేస్తున్న" అంది. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఏడు నెలలుగా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ జరుపుకుంటూ వచ్చాను. ఇప్పుడు వినడానికి ఆయన లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

భద్రాచలంలో మాదొక చిన్న సంస్థ. చర్ల దాటాక అడవిలో ఉన్న ఊళ్లలో గర్భిణులను కనిపెట్టుకుని ఉండి, నెలలు నిండేసరికి దవాఖానాకు చేర్చడం మా పని. ఊరికొక కార్యకర్త ఉంటుంది. వానాకాలం వాగులు పొంగితే ఆ ఊళ్లకు దారి ఉండదు కాబట్టి ముందే తీసుకొచ్చుకోవాలి. చాచా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాక మా ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునేవారు. నేను ఏన్కూరు నుంచి కంప్యూటరు చదువు చదువుకుని వచ్చినదాన్ని. మా కుర్చీలు పక్కపక్కనే.

ఆయన ఫోన్ మాట్లాడుతుంటే వినాలి. ఆరోగ్యం సంగతి ఆఖర్న అడిగేవారు. మొదట వాన, తర్వాత కోళ్లు, తర్వాత పొలం. ఆపైన "వాగు ఎంత దాక వచ్చింది బిడ్డా? మోకాలా, నడుమా?" అనేవారు. నడుము అన్నారంటే ఆ రోజే మా జీపు బయలుదేరేది. ఇంటికి వచ్చిన పెళ్లి కార్డుల వెనక ఒక్కో గర్భిణి పేరు రాసి, గోడకు మేకులు కొట్టి తగిలించేవారు. కబురు అందని రోజున ఆమె కార్డు తలకిందులుగా వేలాడేది. పొద్దున రాగానే టీ కూడా ముట్టకుండా ముందు ఆ తలకిందుల కార్డుల పని చూసేవారు. కాన్పయి, తల్లీబిడ్డా ఇల్లు చేరాక ఆ కార్డును జేబులో పెట్టుకుని తన ఇంటికి తీసుకుపోయేవారు. ఎందుకు చాచా అంటే, "పారెయ్య బుద్ధి గాదు బిడ్డా" అని సిగ్గుపడేవారు.

"రింగై ఎత్తకపోతే పనిల ఉన్నరనుకో. అసలు రింగే కాకపోతే మాత్రం కూసోకు, లే" అని నాకు వందసార్లు చెప్పి ఉంటారు. మీరు ఎక్స్ఛేంజిని వదిలినా ఎక్స్ఛేంజి మిమ్మల్ని వదల్లేదు చాచా అని నేను ఆటపట్టించేదాన్ని. ఆయనా నవ్వేవారు.

నిరుడు ఎండాకాలంలో పై ఆఫీసు వాళ్లు మా పనంతటినీ ఒక కొత్త ప్లాట్‌ఫారంలోకి మార్చమన్నారు. కోడ్ రాయక్కర్లేదు. తెర మీద డబ్బాలు పేర్చి, బాణాలతో కలిపి, ఇది జరిగితే అది చెయ్యమని చెబితే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది. నాకు పండగలా ఉంది. వారం రోజులు తిండీ నిద్రా పట్టించుకోకుండా కూర్చుని తయారుచేశాను. కార్యకర్తకు రోజూ పొద్దున ఒక మెసేజీ వెళుతుంది. ఇబ్బంది ఉంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు. ఒకటి నొక్కితే తెర మీద ఆ ఊరు ఎర్రబడుతుంది, జీపు డ్రైవరుకు ఫోన్ పోతుంది. రెండు నొక్కితే పచ్చ. మరి ఏదీ నొక్కకపోతే? ఆ డబ్బా దగ్గర కాసేపు ఆగాను. ఇంటిపనిలో, పొలం పనిలో పడి సగం మంది జవాబివ్వరు. అలా వదిలేస్తే తెరంతా బూడిదరంగే. పై వాళ్లకు చూపించడానికి బాగుండదని, సాయంత్రంలోగా జవాబు రాకపోతే పచ్చ చూపించమని పెట్టాను. అలా పెట్టమని నాకెవరూ చెప్పలేదు.

అందరికీ నేర్పిన రోజున చాచా ఫోన్ చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు. "అంత మంచిగనే ఉంది గానీ బిడ్డా, నడుము దాక అంటే ఏడ నొక్కాలె?" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను. మర్నాడు గోడ మీది కార్డులు నేనే దించాను. "అన్ని స్క్రీన్ మీదనే కనపడతయి చాచా, గోడ ఖరాబు చేసుడెందుకు?" అన్నాను. ఆయన వాటికి రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టుకున్నారు.

ఆగస్టులో ఒకసారి మూడు రోజులు తెరిపి లేకుండా వాన పట్టింది. మూడో రోజు పొద్దున మీటింగులో నా తెర చూపించాను. చర్ల వైపు ఊళ్లన్నీ పచ్చ. మా సారు శభాష్ అన్నారు. చాచా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "గింత వానల ఒక్కరికి గూడ ఇబ్బంది లేదా? నాకైతే భయమైతుంది" అని లేచి బయటకు వెళ్లి వరసగా ఫోన్లు చేశారు. అడవి ఊళ్లలో ఒక్క ఫోనూ రింగు కాలేదు. టవరు పడిపోయి అప్పటికి రెండు రోజులు. చివరికి చర్లలో తెలిసిన కిరాణా కొట్టతన్ని బతిమాలి, నడిచి వెళ్లే మనిషిని పంపించారు. ఒక ఊళ్లో ఒకామె ముందురోజు నుంచి నొప్పులు పడుతోంది. మంచం మీద మోసుకుని వాగు దాటించారు, ఇవతలి గట్టు నుంచి జీపులో తెచ్చాం. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన విచారణకు వచ్చారు. కార్యకర్త జవాబెందుకు ఇవ్వలేదు, ఆమెను తీసేయండి అన్నారు. అప్పుడు చాచా లేచి నిలబడ్డారు. "ఆ పిల్లది ఏం లేదు సార్, టవరే లేకపాయె. ఫోన్లు చూసుడు నా పని. మొదటి రోజే చెయ్యాల్సింది, చెయ్యలే. తప్పు నాది" అన్నారు. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఆ డబ్బా తెరిచే ఉంది. నోరు విప్పలేదు. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా సెట్టింగు మార్చేశాను.

నెల తిరక్కుండానే, పెద్దవారయ్యారు ఇక విశ్రాంతి తీసుకోండి అని ఆయనకు శాలువా కప్పి పంపేశారు. ఆ శాలువా కొనుక్కొచ్చింది కూడా నేనే. గేటు దాకా వెంట వెళ్లాను. ఆటో ఎక్కబోతూ ఆగి, "గిప్పుడు రింగు కాకపోతే ఏం చూపెడ్తది బిడ్డా అది?" అని అడిగారు.

"ఎరుపు చాచా."

"అవ్, గట్ల మంచిది" అని ఆటో ఎక్కారు.

ఆయనకు అంతా తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నా మీద కోపం చేసుకుని ఉంటే ఈపాటికి ఎంతో తేలికపడి ఉండేదాన్ని. మా ఆఫీసులో ఇప్పుడు రింగు కాని ఊరికి గంటలోపు మనిషి బయలుదేరుతున్నాడంటే అది చాచా పెట్టిన భిక్ష. నా తెలివి కాదు.

చాచా వాళ్లింటికి వెళ్లేసరికి ఆగస్టులో బిడ్డ దక్కని ఊరి కార్యకర్త నాకన్నా ముందే వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. బస్సు మారి వచ్చిందట. కాసేపయ్యాక ఆమెను బయటకు పిలిచి అంతా చెప్పేశాను. పచ్చ పెట్టింది నేనని, నీ నౌకరీ పోబోయింది నావల్లేనని, చాచా తన మీద వేసుకుంటే నేను కుక్కిన పేనులా కూర్చున్నానని చెప్పాను. ఆమె అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకెందుకు చెప్తున్నవ్ అక్కా? నా నౌకరీ నాకున్నది. బిడ్డ పోయింది ఆ తల్లికి గద. సంత రోజు చర్లకొస్తది, చింతపండు అమ్ముతది. చెప్పు పో."

సంత రోజు వెళ్లాను. ఆమె పేరు, వయసు, ఊరు, ఎన్నో కాన్పో అన్నీ నాకు తెలుసు. ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కార్యకర్త దూరం నుంచి చూపించి తన పని మీద తాను వెళ్లిపోయింది. ఆమె గోనెపట్టా మీద చింతపండు పోసుకుని కూర్చుని ఉంది. బస్సులో వస్తున్నంతసేపూ మాటలు కూడగట్టుకున్నాను. ఎదురుగా కూర్చునేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. కొనడానికి వచ్చాననుకుని "ఎంత కావాలె అక్కా?" అంది.

"కిలో" అన్నాను.

ఆమె తక్కెడ ఎత్తింది. ముల్లు సరిగ్గా నిలిచాక నా ముఖంలోకి ఒకసారి చూసి, ఏమనుకుందో ఏమో, ఇంకో గుప్పెడు తీసి పైన వేసింది.