మీటిన తర్వాత మిగిలే మోత

చెక్కకు ఆత్మ ఉండదు. నిరుడు వానాకాలంలో ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు.

మా ఆయన రైల్వేలో పదవీ విరమణ చేశాక, తార్నాకలో మా వీధి చివరి మేడ మీద యుకులేలే నేర్పుతున్నారని తెలిసి చేరిపోయాడు. అది నాలుగు నైలాన్ తీగలుండే వాయిద్యం. చూస్తే గిటారుకు పుట్టిన చంటిబిడ్డలా ఉంటుంది. నాలుగు వేలు పెట్టి కొన్నదానితో ఏడాది గడిచాక ఆయన కన్ను కాచిగూడ దుకాణంలో ఉన్న మరొక దాని మీద పడింది. ఆయన దగ్గరున్నది పల్చటి పొరలు జిగురుతో అతికించి చేసిన పలకలది. కాచిగూడలోది ఒకే మాను నుంచి కోసిన అసలైన మహాగని పలకలది. ధర ఇరవై రెండు వేలు.

"ఇంతకీ ఏముందట అందులో?" అన్నాను.

"సాలిడ్ వుడ్ అయితే సౌండ్ బతికి ఉంటదట. దుకాణపాయన చెప్పిండు."

"బతికుంటుందా! ఊపిరి కూడా పీలుస్తుందా?"

"పీలుస్తది. ఏండ్లు గడిచినకొద్దీ ఇంకా మంచిగైతదన్నడు."

"వాయించేవాడు ఏళ్ల తరబడి వాయించి బాగుపడతాడు. పేరు మాత్రం చెక్కకు."

"ఆఁ, నీకేం జెప్పాలె. చెవులున్నోళ్లకు తెలుస్తది మేడమ్ గారూ."

నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. నన్ను ఎగతాళి చేయాలనుకున్నప్పుడల్లా ఆయన నోట ఆ మేడమ్ వస్తుంది. ఆయనది నల్లగొండ, నాది గుంటూరు. ముహూర్తం, మంత్రం లేకుండా సభలో దండలు మార్చుకున్న పెళ్లి మాది. అలాంటి ఇంట్లో ఒక దుకాణదారుడి మాట వేదవాక్కు అయిపోతే ఊరుకుంటానా?

క్యాంపస్‌లో ప్రతి బుధవారం సాయంత్రం మా హేతువాద చర్చా బృందం కూర్చుంటుంది. మాకు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒక మహిమ ఉందని చెబితే తెర కట్టి పరీక్షిస్తాం. మంత్రించిన నీళ్లనూ కుళాయి నీళ్లనూ పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమని అడిగాం. మహిమగల ఉంగరాలను గుడ్డ కింద పెట్టి వెతకమన్నాం. పరీక్షకు ముందే, పెట్టేవాళ్లు తమ నమ్మకం ఏమిటో, అది తప్పని తేలితే ఏం ఒప్పుకుంటారో బృందం పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఈ నియమం పెట్టింది నేనే. ఓడిపోయాక మాట మార్చేవాళ్లను చాలామందిని చూశాను మరి.

ఆ బుధవారం నేను ఇలా రాసి సంతకం చేశాను: "ఈ రెండు వాయిద్యాల మధ్య తేడా తెర వెనక నుంచి ఎవరికీ వినబడదు. వినబడితే నా మాట తప్పని ఇదే పేజీలో రాస్తాను."

కాచిగూడ దుకాణం నుంచి ఖరీదైన వాయిద్యాన్ని ఒక రోజుకు అడిగి తెచ్చాం. రెండింటికీ ఒకే రకం తీగలు వేయించి, ఒకే శ్రుతి చేయించాను. మా ఆయన పక్షపాతి కాబట్టి గది బయటికి పంపాను. ఆయన వరండాలో పల్లీలు తింటూ కూర్చున్నాడు. గిటారు వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని తెర వెనక కూర్చుంది. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి ముందు వాయించాలి. ఐదుగురు విద్యార్థులు, నేను తెరకు ఇవతల. ఏది ఖరీదైనదో, లేదా తేడా లేదనో చీటీ మీద రాయాలి. పదిసార్లు.

నేను పదిసార్లూ తేడా లేదనే రాశాను, గెలిచేశాననే ధీమాతో.

చీటీలు విప్పాం. ముగ్గురు విద్యార్థులకు పదికి పది. ఒకరికి తొమ్మిది. ఇంకొకరికి ఎనిమిది.

గుడ్డిగా ఊహిస్తే ఇలా రాదు. ఆ సంగతి వాళ్లకు పాఠంలో చెప్పినదాన్ని నేనే. కాబట్టి ఎక్కడో మోసం జరిగి ఉండాలి. తెర పల్చగా ఉందేమో అని దుప్పటి కూడా కట్టించాను. ఒకటి గట్టిగా, ఇంకొకటి మెల్లగా మీటుతోందేమో అని, తీగ మీద ఒకే చోట ఒకే తీరుగా మీటమన్నాను. మళ్లీ పదిసార్లు పెట్టాను. మళ్లీ అదే.

"ఎలా పట్టుకుంటున్నారు మీరు?" కోపంగానే అడిగాను.

ముందు వరసలోని కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. "పట్టుకునుడేంది మేడమ్, లాస్ట్‌ల వినబడ్తది గదా. మీటినంక సన్నగ గాలిల ఉండిపోతది. చీప్‌దాంట్ల అది జల్ది పోతది."

తెర తీయించి ఖరీదైనదాన్ని నా ఎదుటే మీటమన్నాను. మీటింది. మోగింది. ఆగిపోయింది. ఊఁ, తర్వాతది అనబోతూ తలెత్తాను.

ఎవరూ కదలడం లేదు. ఐదుగురూ తలలు కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి ఇంకా వింటున్నారు. తీగ సన్నగా వణుకుతూనే ఉంది, నాకు కనిపిస్తోంది. గదిలో ఏదో జరుగుతోంది. నాకు తప్ప అందరికీ అందుతోంది. కొన్ని క్షణాల తర్వాత అందరూ ఒకేసారి కదిలారు.

చెక్క గురించి పెట్టిన పరీక్షలో నేను దొరికిపోయాను.

ఆ సాయంత్రం క్యాంపస్ చెట్ల కింద నుంచి తార్నాక వైపు నడుస్తుంటే ఆ పరిశోధక విద్యార్థిని నా పక్కనే ఉంది. మా ఆయన వాయిద్యాలు మోసుకుంటూ ముందు నడుస్తున్నాడు. అడగాలని ఉంది, అడగాలంటే భయంగా ఉంది. చివరికి మామూలు మాటలా అడిగాను.

"ఈ ఏడాది కీచురాళ్లు లేవు కదమ్మా?"

ఆమె ఆగి నా ముఖంలోకి చూసింది. "లేకపోవుడేంది మేడమ్? చెవులు దిమ్మెక్కుతున్నయ్ గదా! మీతోని మాట్లాడాలంటే ఒర్లాల్సి వస్తున్నది."

అంతకు ముందు నెలలోనే నేను ఒక పత్రికలో వ్యాసం రాశాను. క్యాంపస్ దారుల్లో తెల్లటి దీపాలు పెట్టాక కీచురాళ్లు అంతరించిపోయాయని, ఈ నిశ్శబ్దానికి ఎవరు జవాబు చెబుతారని నిలదీశాను. పాఠకులు ఉత్తరాలు రాశారు, అవును, మేమూ గమనించామని. ఒక్కరు కూడా కిటికీ తెరిచి వినలేదు. నేను గట్టిగా చెప్పాను, వాళ్లు నమ్మారు. బాబాల విషయంలో నేను ముప్ఫై ఏళ్లుగా దేన్ని తిడుతున్నానో అదే.

ఇక ఆ వారమంతా భయం నాతోనే తిరిగింది. పిల్లలు మాటలు మింగేస్తున్నారని విసుక్కున్నాను. మింగింది వాళ్లేనా? కిందటి సభలో ఒకాయన ప్రశ్న అడిగితే నేను జవాబు చెప్పాను, అందరూ నవ్వారు. నా చమత్కారానికి నవ్వారని సంతోషించాను. ఆయన అడిగింది వేరేదేమో. మా అమ్మ చివరి రోజుల్లో ఎవరేమన్నా తల ఊపి ఒక నవ్వు నవ్వేది. వినబడలేదని ఒప్పుకోవడం ఇష్టంలేని నవ్వు. నల్లకుంట మార్కెట్‌లో కూరగాయలావిడ ఏదో అంటే నా ముఖం మీద అదే నవ్వు. పాలకూర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

పై వారం ఆదివారం నల్లకుంటలోనే ఒక హాల్లో నాకు చర్చ ఉంది, గ్రహదోషాలకు రాళ్ల ఉంగరాలు అమ్మే ఆయనతో. చర్చ అంటే చదువుకొచ్చింది అప్పజెప్పడం కాదు. ఎదుటివాడి వాక్యంలో ఎక్కడ చీలిక ఉందో ఆ క్షణంలో వినాలి. చర్చలో వినలేని మనిషి ఏమిటి? ఒక మైకు, అంతే.

"ఏంది, మూడు దినాల సంది కొట్లాడ్తలేవు? పానం బాగలేదా?" అన్నాడు మా ఆయన.

చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"నేను ఎన్నడో అనుకున్న. కుక్కర్ విజిల్ కొట్టినా లేస్తలేవు. చెప్తే నా మీద ఎగురుతవని చెప్పలే," అన్నాడు.

సోమవారం తార్నాక చౌరస్తాకు దగ్గర్లోని ఒక వినికిడి క్లినిక్‌కు వెళ్లాం. చిన్న గది, గోడలకు మెత్తటి పలకలు, తలుపు మూస్తే చెవుల్లో దూది కుక్కినట్టుంది. అద్దం కిటికీకి అవతల యంత్రం ముందు ఒక అమ్మాయి కూర్చుంది.

"ఆంటీ, ఎంత సన్నగ వినబడ్డా సరే, బటన్ నొక్కుండ్రి. డౌట్ ఉన్నా నొక్కుండ్రి," అంది నా చెవులకు తగిలించిన హెడ్‌ఫోన్లలోంచి.

మొదట్లో తేలిక. లావుపాటి ధ్వనులు వచ్చాయి, నొక్కాను. తర్వాత సన్నబడ్డాయి, నొక్కాను. ఇంకా సన్నబడ్డాయి. నొక్కుతూనే ఉన్నాను.

"మంచిగ చేస్తున్నరు ఆంటీ," అంది.

ఆ మెచ్చుకోలుకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, ఏమీ లేదు, అంతా నా భ్రమ అనుకున్నాను. మళ్లీ నొక్కాను. అప్పుడు నా వేలు ఎందుకు కదిలిందో నాకు అర్థమైంది. శబ్దం రాలేదు. అద్దం అవతల ఆ అమ్మాయి కుడి భుజం కాస్త కిందికి దిగింది. ధ్వని పంపిన ప్రతిసారీ ఆ భుజం దిగుతోంది. చివరి ఐదారుసార్లు నేను వినలేదు, చూశాను.

చాలా ఏళ్ల కిందట ఒకాయన, మనసులో అనుకున్న అంకె చెబుతానని ఊళ్లు తిరిగేవాడు. అతని మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని భుజాలతో సైగ చేసేవాడు. సభలో నేను లేచి ఆయన కుర్చీని గోడవైపు తిప్పాను. ఆ తర్వాత ఆయనకు ఒక్క అంకె రాలేదు. చప్పట్లు మారుమోగాయి. గోడ వైపు తిరిగిన ఆయన వీపు ఎంతగా వణికిందో అప్పుడు నేను పట్టించుకోలేదు.

మోసం చేయాలని నేను అనుకోలేదు. బహుశా ఆయన కూడా మొదటిరోజు అనుకుని ఉండడు. భయమే వేలు నొక్కించింది.

ఇలాగే కూర్చుంటే మంచి కాగితం వస్తుంది. ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చకు ధైర్యంగా వెళ్లొచ్చు.

లేచాను. కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పాను.

"ఏమైంది ఆంటీ?"

"మొదటి నుంచి మళ్లీ పెట్టమ్మా. నేను ఇటే కూర్చుంటాను."

"ఇప్పటిదాకా మంచిగొచ్చినయ్ గదా?"

"అవన్నీ నావి కావు."

గోడ మీద మెత్తటి పలకకు చిన్న చిన్న రంధ్రాలున్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. లావు ధ్వనులు వచ్చి వెళ్లాయి. తర్వాత ఏమీ లేదు. గుండె చప్పుడు, మింగిన ఉమ్మి చప్పుడు. పంపుతోందా, ఆపిందా, నాకు తెలిసే దారి లేదు. బటన్ మీద వేలు చెమట పట్టింది. ఒక్కసారి నొక్కేస్తే ఈ నిశ్శబ్దం ఆగుతుందనిపించింది. నొక్కలేదు. ఆ గదిలో ఎంతసేపున్నానో గాని, అంత భయం నేను ఏ సభలోనూ, రాళ్లు పడ్డ సభలోనూ ఎరగను.

గ్రాఫ్ కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, కుడివైపు, కీచు స్వరాల దగ్గర, మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో లోపలి నరాలు అరిగాయని, పోయింది తిరిగిరాదని, మాటలకు యంత్రం సాయపడుతుందని చెప్పారు. ఇంకా దిగుతుందా అని అడిగాను. దిగవచ్చు, ఎంతో ఎప్పుడో చెప్పలేమన్నారు. నాకు నచ్చే రకం జవాబు అది. తెలియనిదాన్ని తెలియదని చెప్పారు. అయినా ఆ కాగితాన్ని మడిచి సంచిలో అడుక్కి తోశాను.

బుధవారం బృందం పుస్తకంలో అదే పేజీలో రాశాను: "తేడా ఉంది. ఐదుగురికి వినబడింది. నా మాట తప్పు. ఆరో చీటీని లెక్కలోకి తీసుకోవద్దు, ఆ మనిషికి వినికిడి తక్కువ. కీచురాళ్ల మీద ఆమె రాసిన వ్యాసమూ తప్పే." అది చదివి వినిపించాను. ఎవరో ఏదో అన్నారు, నాకు అందలేదు. "వినబడలేదు, మళ్లీ చెప్పు" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి ఉంగరాలాయనతో వాదించడం కన్నా ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. ఆయనతో చర్చలో ప్రశ్నలన్నీ చీటీల మీద రాసి ఇమ్మన్నాను, ఎందుకో కూడా మైకులోనే చెప్పాను. "గ్రహదోషం, ఒక కెంపు పెట్టుకోండి" అన్నాడాయన. ఆ మాట మటుకు స్పష్టంగా వినబడింది, తగిన జవాబే చెప్పాను.

చెక్కకు ఆత్మ లేదని ఇప్పటికీ అంటాను. పొరల మధ్య జిగురు కంపనాన్ని మింగేస్తుంది, ఒకే పలక అంతగా మింగదు, విషయం అంతే. వాయిద్యం ఏళ్లు గడిస్తే మెరుగవుతుందన్న దుకాణదారుడి మాటను ఎవరూ పరీక్షించలేదు కాబట్టి నేను నమ్మను. మరి ఇరవై రెండు వేలకు తగునా? తేడా ఉన్నదంతా ఆ చివరి సన్నని మోతలోనే. దాన్ని వినగలిగే చెవులు ఉన్నన్నాళ్లు తగును. మా ఆయనా చిన్నవాడేం కాదు. అందుకే, ఆలోచించకుండా ఈ వారమే కొనుక్కో అన్నాను.

"నువ్వేనా ఈ మాట అనేది?" అన్నాడు. శనివారం కాచిగూడ వెళ్లి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆయన మీటుతాడు. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. నాకు ఆగిపోగానే చెయ్యెత్తుతాను. ఆయన తనకు ఆగేదాకా చెబుతూ ఉంటాడు.

"ఉన్నది... ఇంకా ఉన్నది... ఉన్నది... ఆఁ, అయిపోయింది."

నా చెయ్యి లేచినప్పటి నుంచి ఆయన అయిపోయిందనే దాకా ఎంతసేపో ఊపిరితో కొలుస్తున్నాను. మొన్నటిదాకా ఒక ఊపిరి. నిన్న ఒక ఊపిరి దాటి రెండోది సగం పీల్చాను. ఆ పూట సరిగ్గా వినలేదేమో, వీధిలో బండి పోయిందేమో. ఈ సాయంత్రం మళ్లీ చూడాలి.