బోరు పైపు మీద ఎర్ర నంబరు

నిన్న ఎమ్మిగనూరు బజారులో ఎవరో కొట్టు షట్టరుకు ఎర్ర రంగు వేయిస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే తల దించుకుని నడిచాను. రంగు వాసనకు సిగ్గుపడే మనిషిని నేనొక్కణ్నేనేమో. ఆ వెంటే మా వసుంధర మేడమ్ గుర్తొస్తారు. నేల అడుగున వేడినీళ్లు ఎక్కడున్నాయి, వాటితో కరెంటు తీయవచ్చా అని దేశం మొత్తానికీ పటం గీసే పనిలో ఆమె నాకు పై అధికారి. సముద్రం పక్కన పుట్టిన మనిషి. మా ఎండలకు ముఖం కందిపోయినా గొడుగు పట్టేవారు కాదు, రెండు చేతులూ పనికి కావాలి అనేవారు. నాది ఆదోని, మా నాన్నది పత్తి వ్యాపారం. ఈ ప్రాంతపు మాట, మనిషి తెలుసని నన్ను ఏరి తెచ్చుకున్నారు. ఆ తెలియడం ఏపాటిదో దేవనకొండ అవతల ఓ ఊళ్లో బయటపడింది.

ఆ ఊరి బోరు నీళ్లు చలికాలం తెల్లవారుజామున పొగలు కక్కుతున్నాయని విని వెళ్లాం. మేడమ్ నీటి వేడి కొలిచి, సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు. నేను గుర్తు కోసం పైపు మీద ఎర్ర రంగుతో నంబరు రాశాను. కూలికి వెళ్లే ఎస్తేరమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

"ఈడ కరెంటు ఫ్యాక్టరీ పెడతారంట గదప్పా. మాకు పని దొరుకుతాదా?"

నేను నవ్వాను. లేదనడానికి నోరు రాలేదని సర్దిచెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఆమె నన్ను అంత పెద్దవాణ్ని చేసి చూడటం నాకు బాగుంది. ఆమె పెట్టిన జొన్నరొట్టెలు తిని వచ్చేశాం.

పరీక్షల్లో తేలింది చిన్న విషయమే. లోతు బోరు నీళ్ల వేడి ఏడాదంతా ఒకే తీరుగా ఉంటుంది, గాలి చల్లబడినప్పుడు అవే వెచ్చగా తోస్తాయి. పటంలో ఆ ఊరికి చోటు లేదు.

"ఫోన్ చేసి చెప్పేస్తాను మేడమ్" అన్నాను.

"నంబరు ఫోన్లో రాయలేదుగా రఫీ. పద" అన్నారు.

వెళ్లేసరికి ఆ నంబరుకు ఎవరో పసుపు రాసి ఉంచారు. మా వైపు గట్టు మీది రాయికి రంగు నంబరు పడిందంటే గాలిమరలో, సోలార్ పలకలో వస్తున్నట్టే లెక్క. ఇక్కడి కూలి కుటుంబాలు ఏటా పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస పోతాయి. దాన్ని సుగ్గి అంటారు. ఆ ఏడు ఫ్యాక్టరీ పని వస్తుందని ఎస్తేరమ్మతో పాటు ఆమె వీధి వీధంతా సుగ్గి లారీ ఎక్కలేదు. కూలీల మేస్త్రీ వేరే ఊరివాళ్లను ఎక్కించుకుని పోయాడు.

మేడమ్ విషయం చెప్పారు. అందరూ నా వైపే చూశారు. అది భరించలేక, "పనిస్తామని మేం ఎక్కడా చెప్పలేదు కదా" అన్నాను, ఆఫీసు తెలుగులో.

"సెప్పలేదప్పా" అంది ఎస్తేరమ్మ. "అడిగితే నవ్వినారు. మీకు అది ఉత్త నంబరు. మాకు సుగ్గి పాయ."

మేడమ్ నా వైపు చూడలేదు.

"అవునమ్మా, నవ్వాం. లేదని ఆ రోజే చెప్పాల్సింది. తప్పు మాది" అన్నారు.

నిజానికి మేడమ్ ఆ రోజు నవ్వలేదు. సీసా మూత బిగిస్తూ అటు తిరిగి ఉన్నారు. ఊరు తిట్టినంతసేపూ నిలబడి, నా వాటా తిట్లు కూడా ఆమే తిన్నారు. తిరుగు దారిలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్నేమో.

మేడమ్ రిటైరయ్యారు. పటం పని ఇప్పుడు నా చేతిలో ఉంది. మొన్న చిప్పగిరి దగ్గర ఓ రైతు మాకు మంచం వాల్చి, టీ చెప్పి, అదే ప్రశ్న అడిగాడు.

"ఈడ ఏమీ రాదన్నా. కొలుచుకొని పోతాండాం, అంతే. మమ్మల్ని నమ్మి మీ పని ఆపుకోవద్దు" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుని లోపలికి పోయాడు. టీ రాలేదు. మా డ్రైవరు నొచ్చుకున్నాడు గానీ, నాకు గుండె తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికకు కూడా వెంటనే సిగ్గేసింది. ఆ మాట నేను ఎస్తేరమ్మకు చెప్పాల్సింది.