లాకుల మలుపు దగ్గర మా పీడీ మేడమ్

మా పీడీ మేడమ్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను మా స్కూలు గ్రౌండులో పిల్లల్ని వరసలో నిలబెడుతుంటే దుర్గక్క ఫోన్ చేసింది. "మేడమ్ ఇక లేరే" అని ఒక్క మాట అని ఏడ్చేసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని చూడటానికి వచ్చిన వాళ్ళంతా అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అందరినీ ఇబ్బంది పెట్టిన మనిషి. అలా పెట్టబట్టే మేము ఈరోజు ఇలా ఉన్నాం.

రాజమహేంద్రవరం నుంచి కడియం వైపు కాలువ గట్టు రోడ్డు మీద పొద్దున్నే తిరిగే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే ఆవిడని చూసే ఉంటారు. ముందు ముగ్గురు ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు సైకిళ్ళ మీద వంగిపోయి తొక్కుతుంటారు. వాళ్ళ వెనక స్కూటీ మీద మేడమ్. నేత చీర, కాన్వాసు బూట్లు, మెడలో ఈల. మొక్కల లోడుతో వచ్చే లారీలు హారన్ కొడితే ఆవిడ అంతకు రెట్టింపు కొట్టేవారు. మా మహిళా కాలేజీలో ఆటలు నేర్పేది ఆవిడే. అసలు కబడ్డీ మనిషి. సైకిల్ తొక్కడం ఆవిడకి రానే రాదు. పోటీల వీడియోలు ఫోన్లో ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, తనకి అర్థమైంది మాకు చెప్పేవారు. అర్థం కానిది మా చేత తొక్కించి తెలుసుకునేవారు.

జట్టు అంటే ముగ్గురమే. దుర్గక్క మాకంటే ఒక ఏడాది సీనియర్, మా కెప్టెన్. సునీత పాలకొల్లు వైపు పిల్ల, వాళ్ళ నాన్నగారు పాస్టర్. మూడోదాన్ని నేను. మమ్మల్ని జట్టులో వేసుకోవడానికి ఆవిడ మా ఇళ్ళ చుట్టూ తిరిగారు. దుర్గక్క వాళ్ళ నాన్న కౌలు రైతు. ఆయనకి సైకిలు మీద అభ్యంతరం లేదు, బట్టల మీదే.

"ఆ నిక్కర్లేంటండి మేడమ్ గారూ? ఊళ్ళో తలెత్తుకోవాలా వద్దాండి?"

"గాలి పట్టకూడదండి బాబాయి గారూ. చున్నీ వేసుకుని తొక్కితే చక్రంలో పడుద్ది. అప్పుడు పిల్ల తలెత్తుకోదు, పళ్ళు ఏరుకుంటుంది."

ఆయన నవ్వేశారు. నవ్వాక కాదనడం ఆయన వల్ల కాలేదు. మేడమ్ రెండు కాఫీలు తాగి, పెరట్లో కాసిన ఆనపకాయ కూడా అడిగి మరీ పట్టుకొచ్చారు.

మా మొదటి పోటీ అన్నవరం మీదుగా వెళ్ళే రోడ్డు మీద జరిగింది. ఆ సంగతి చెప్పకుండా మేడమ్ గురించి చెప్పడం కుదరదు. ముగ్గురం ముందు చక్రానికి వెనక చక్రం దాదాపు ఆనించి మంచి ఊపు మీద వెళ్తున్నాం. మలుపు తిరగ్గానే రత్నగిరి కొండ, పైన గోపురం కనిపించాయి. ముందున్న దుర్గక్క చెయ్యి హ్యాండిల్ మీంచి లేచి కళ్ళకి అద్దుకుంది. దాని వెనక నా చెయ్యి కూడా లేచింది. బస్సులో వెళ్ళేటప్పుడు చిన్నప్పటి నుంచీ చేసే పనే కదా, ఆలోచించి చేసింది కాదు. వేగం కాస్త తగ్గింది. వెనకున్న సునీతకి మేము ఎందుకు తగ్గామో తెలియదు. వచ్చి నన్ను గుద్దింది, నేను అక్కని గుద్దాను. ముగ్గురం సత్యనారాయణ స్వామి ఎదురుగా రోడ్డు మీద సాష్టాంగపడ్డాం.

"మీ స్వామికి మీరు దణ్ణం పెట్టుకుంటే నా మోకాలు పగలడమేంటే?" అని సునీత ఒకటే ఏడుపు.

స్కూటీ ఆపి వచ్చిన మేడమ్ ముందు కొండ వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. తర్వాత మా వైపు తిరిగి, జీవితంలో మళ్ళీ ఎప్పుడూ తిననన్ని చీవాట్లు పెట్టారు. చివర్లో ఒక మాట అన్నారు. "సైకిలెక్కాక చేతులు మీవి కాదమ్మా. వెనకున్న పిల్లవి."

ఆ తర్వాత ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. బయలుదేరే ముందు ముగ్గుర్నీ రోడ్డు పక్కన నిలబెట్టి, దారిలో తగిలే దేవుళ్ళందరికీ అక్కడే దణ్ణాలు పెట్టించేవారు. కాలువ పక్క అమ్మవారు, వినాయకుడి గుడి, ఆంజనేయస్వామి, ఒక్కొక్కరినీ పేరు పేరునా తలుచుకోవాలి. సునీత ప్రార్థన పూర్తయ్యేదాకా అందరం ఆగాలి. "అయ్యాయా? ఎవరైనా మిగిలిపోయారా?" అని అడిగి ఈల ఊదేవారు. మిగతా కాలేజీల జట్లు మమ్మల్ని చూసి నవ్వేవి. నవ్వితే నవ్వారు. ఆ తర్వాత మేము ముగ్గురం కలిసి పడింది లేదు.

మా వైపు కొండలు లేవు. మా కష్టమంతా గాలితోనే. కోతలయ్యాక పొలాల మీద అడ్డమన్నది ఉండదు, గాలి నేరుగా వచ్చి గుండెల మీద కొడుతుంది. ముందున్న మనిషి ఆ గాలిని కోస్తే వెనకున్న మనిషికి బలం మిగులుతుంది. కోసే పని నాదీ సునీతదీ. మిగుల్చుకునే పని దుర్గక్కది. నాకు ఇది మింగుడు పడలేదు. ఒకరోజు సాధన అయ్యాక రోజ్ మిల్క్ తాగుతూ అడిగేశాను.

"నేను ఎప్పుడూ ముందు తొక్కి చివర్లో ఓడిపోవాలాండి?"

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "నీకు గాలి తెలుసు. దుర్గకి చివరి అర కిలోమీటరు తెలుసు. నీకు తెలిసింది దానికి రాదు, దానికి తెలిసింది నీకు రాదు. ఇందులో ఓడిపోయేదెవరే?"

నేను ఒప్పుకోలేదు. మూతి ముడుచుకునే ఇంటికెళ్ళాను.

దుర్గక్క చివరి ఏడాది పోటీ మా కాలువ రోడ్డు మీదే పెట్టారు. మొదటి ముగ్గురిలో వస్తే రాష్ట్ర జట్టులో చోటు. రాకపోతే వయసు దాటిపోతుంది కాబట్టి అక్క సైకిలు ఇక మూలన పడ్డట్టే. ఆరోజు గాలి మామూలుగా లేదు. సగం దూరం సునీత కోసింది. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా కోసి, ఇక కాళ్ళు ఆడక వెనకబడిపోయింది. మిగతాది నేను కోశాను. పక్క జట్టు పిల్లలు ముందుకు పోతుంటే అక్కని వాళ్ళ వెనక్కి చేర్చాను. కాలువ నీళ్ళు ఆపే లాకుల దగ్గర రోడ్డు మలుపు తిరిగేసరికి నా తొడలు రాయి అయిపోయాయి. పక్కకి తప్పుకుని "వెళ్ళక్కా!" అని అరిచాను. అక్క వెళ్ళిపోయింది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది గానీ కుళ్ళు రాలేదు. అది నాకే ఆశ్చర్యం.

మేడమ్ ఆ మలుపులోనే నిలబడి ఉన్నారు. మిగతా కోచ్‌లందరూ రెండు కిలోమీటర్ల అవతల, గెలుపు గీత దగ్గర ఉన్నారు. ఆవిడ మాత్రం మేము ఆగిపోయే చోట మజ్జిగ క్యాన్ పెట్టుకుని కూర్చున్నారు. నా వీపు మీద చెయ్యి వేసి, "బాగా కోశావు తల్లీ" అన్నారు. ఆ మాట కోసం నేను రెండేళ్ళు తొక్కానని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ నా దగ్గరున్న పతకాలన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

"మెల్లగా తాగు. తాగి వెళ్ళి గీత దాటు. మధ్యలో దిగిపోయిన పిల్ల నా జట్టులో ఉండకూడదు" అన్నారు వెంటనే.

నేను గ్లాసు ఖాళీ చేసేలోపే దూరంగా మైకులో కేకలు వినిపించాయి. పేర్లు తెలియలేదు. ఇంకాసేపటికి దుర్గక్క ఎదురు దిక్కున, మా వైపు తొక్కుకుంటూ వచ్చింది. సైకిలు దిగకుండానే అరిచింది.

"సెకండండి మేడమ్! జట్టులోకి వచ్చేశానండి!"

మేడమ్ దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. అక్క ఇంకా ఏదో చెప్పబోతుంటే భుజం పట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిపారు.

"కాస్త తప్పుకో అమ్మా, రోడ్డు కనపడట్లేదు. సునీత ఇంకా రాలేదు."

గెలిచిన దుర్గక్క వచ్చి నా పక్కన నిలబడింది. మేడమ్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, దుమ్ము పడకుండా సునీతకి పోసిన మజ్జిగ గ్లాసు మీద కొంగు కప్పి, ఎండలో ఖాళీ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.